పద్ధెనిమిది కులాల గంట

చిక్కబళ్ళాపురం పేటలో ఏ మర్యాద కదలాలన్నా ముందు మునిశామప్ప కదలాలి. శెట్ల ఇంటి పెండ్లికొడుకు గుర్రమెక్కినా, కొత్త అమల్దారు వచ్చినా, గంగమ్మ జాతరకు హారతులు బయల్దేరినా, అందరికంటే పదడుగులు ముందు ఆయన నడిచేవాడు. చేతిలో మూరెడు పొడుగు ఇత్తడి గరిటె. గరిటె కాడకు గొలుసు, గొలుసు కొసన గంట. అడుగు పడినప్పుడల్లా గంట వచ్చి గరిటెకు తగిలి ఖంగుమనేది. ఆ గరిటె మీద తక్కెడ, నాగలి, కత్తెర, కుమ్మరి సారె అంటూ పద్ధెనిమిది గుర్తులు చెక్కి ఉండేవి. పేటలో ఒక కట్టు కింద బతికే పద్ధెనిమిది కులాల గుర్తులవి. అందుకే దాన్ని పద్ధెనిమిది కులాల గంట అనేవాళ్ళు.

ఇంత మర్యాద మోసే మనిషికి ఆ పేటలో ఒక్క ఇంటి అరుగు ఎక్కే మర్యాద లేదు. ఆయన ఇల్లు ఊరి బయట వాడలో ఉండేది. గంట మాత్రం పేట పెద్ద గంగాధరప్ప శెట్టి ఇంట్లో, దేవుడి గూటి పక్కన ఉండేది. పని పడినప్పుడు శెట్టి దాన్ని తెచ్చి గడప మీద పెడతాడు, చేతికివ్వడు. మునిశామప్ప గడప మీది నుంచి తీసుకోవాలి, పనయ్యాక గడప మీదే పెట్టి రావాలి. ఇందులో విడ్డూరం ఉందని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. తోచినవాళ్ళు ఎవరైనా ఉంటే నోరు మూసుకుని కూర్చున్నారు, వాళ్ళనింకేమనాలి.

గంటకు ఒక గట్టి కట్టు ఉండేది. చేతిలో గంట ఉన్నంతసేపూ మోసేవాడు తిరిగి చూడకూడదు. వెనక గుర్రం మీద ఉన్నది రాజో పేదో వాడికి అనవసరం, వాడి చూపు దారి మీదే. తిరిగి చూశాడంటే మర్యాద తెగినట్టు. అక్కడికక్కడే గంట నేలకు దించాలి, మళ్ళీ జన్మలో ముట్టకూడదు. దించిన గంటను అన్నదమ్ముల ఇంటి మగవాడే ఎత్తాలి తప్ప బయటివాడు తాకడానికి లేదు. ఇదేదో భయపెట్టడానికి చెప్పే మాట కాదు. మునిశామప్ప పెద్దతాత ఒక పెండ్లి ఊరేగింపులో, వెనక ఎద్దులు బెదిరి ఆడవాళ్ళు కేకలు పెడితే ఒక్కసారి మెడ తిప్పాడు. ఎద్దులు ఎవరినీ ఏమీ చేయలేదు కానీ గంట తమ్ముడి ఇంటికి పోయింది. ఆ తమ్ముడి మనవడే మునిశామప్ప. నలభై ఏళ్ళలో ఆయన నడిపించిన పెండ్లికొడుకులు ఏ మూడువందలో ఉంటారు, ఒక్కడి ముఖమూ గుర్రం మీద ఉండగా ఆయన చూసి ఎరగడు.

యుద్ధం మూడో ఏట పడింది. పెట్రోలు దొరక్క బాగేపల్లి బస్సుకూ చింతామణి బస్సుకూ వెనక బొగ్గు పొయ్యిలు తగిలించారు, ఎక్కిన మనిషి దిగేసరికి ముఖం గుర్తుపట్టడానికి లేకుండా పోయేది. అలాంటి రోజుల్లో ఒకనాడు పొద్దున్నే గంగాధరప్ప దగ్గర నుంచి పిలుపొచ్చింది. మునిశామప్ప వెళ్ళి అరుగు కింద నిలబడ్డాడు. శెట్టి అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక అచ్చు కాగితం చదువుతున్నాడు.

"నంది దారిలో మిషన్ కాలేజీ ఉండాది కదా," అన్నాడు శెట్టి తలెత్తకుండా. "ఆ దొర ముసలోడైపోయినాడు, ఇంగ్లండు సీమకు పోతాండాడు. కొత్త ప్రిన్సిపాల్ వస్తాండాడు. ఇన్నేండ్లూ తెల్లోళ్ళే కూర్చున్న కుర్చీలో ఈసారి మనోడు కూర్చుంటాడంట. పేరు పాల్ చెన్నరాయప్ప. మదరాసులో చదివి, సీమలో చదివి, యాడాడనో పాఠాలు చెప్పొచ్చినాడు."

శెట్టి కాగితం తిప్పాడు.

"ఇంగా చదువుతా విను. పేరేసంద్రలో పుట్టినాడంట. తండ్రి పేరు నంజప్ప. చిక్కబళ్ళాపురం పేట గంట మోసే ఇల్లు." శెట్టి అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎవరో రాసింది కాదు, తానే రాసిచ్చినాడంట. నంజప్ప అంటే మీ నంజప్పేనా?"

"అవును సామీ. నా తమ్ముడు."

"నంజప్ప పోయి ముప్పై ఏండ్లు దాటింది. వానికి కొడుకుండాడని ఒక్క మాట చెప్పలేదే నువ్వు."

"చెప్పుకునే పని నేను చేయలేదు సామీ."

శెట్టికి అర్థం కాలేదు. గుచ్చి అడగలేదు కూడా, దానికి ఆయన్ని మెచ్చుకోవాలి.

విషయం అంతటితో అయిపోతే బాగుండేది. పదిహేనేళ్ళ కిందట ఆ తెల్లదొర కొత్తగా వచ్చినప్పుడు పేట వాళ్ళే గంట మోగించి రైలు స్టేషన్ నుంచి కాలేజీ దాకా తీసుకెళ్ళారు. ప్లేగు రోజుల్లో మిషన్ ఆసుపత్రి వాళ్ళు ముట్టుకోవడానికి వెరవకుండా ఊరి జనానికి చేసిన సేవకు అది కృతజ్ఞత. ఆనాడూ ముందు నడిచింది మునిశామప్పే. ఇప్పుడు ఆ దొరే వచ్చి శెట్టిని అడిగి వెళ్ళాడు, నాకు చేసిన మర్యాద నా తర్వాతి మనిషికి చేస్తారా అని. అడగడం సులువుగానే అడిగాడు. పెద్దలు కూర్చుని తేల్చడానికే మూడు పూటలు పట్టింది.

అడ్డం తగిలింది కెంచార్లహళ్ళి అంజినప్ప. చింతామణి వైపు నాగలి పట్టే కుటుంబాలన్నిటికీ పెద్ద ఆయన. మంచి మనిషే, కానీ కట్టు అనే మాట వినపడితే చాలు, మెడ నిలువునా బిగుసుకుపోయేది.

"గంట మోసే ఇంటోనికే గంట మోయించేదా? ఇదేం విడ్డూరమప్పా," అన్నాడు అంజినప్ప. "రేపు నా ఎద్దు బండెక్కి నన్ను లాగమంటాది."

"తెల్లదొరకు మోయిస్తిమి కదా," అన్నాడు గంగాధరప్ప. "ఆయన ఈ పద్ధెనిమిదిలో యాడుండాడో గరిటె మీద చూపించు."

"ఆయన దొర."

"ఈయనా దొరే. కుర్చీ అదే, ప్రిన్సిపాల్ తొడిగే నల్ల గౌను అదే, కాలేజీ అదే. నీ మనవడు మేష్ట్రు పని చదివింది ఆ కాలేజీలోనే. మనం గంట మోగించింది కుర్చీకి. కుర్చీలో ఎవరు కూర్చుంటారనేది మనకెందుకు?"

అంజినప్ప చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి సరేనన్నాడు, కానీ ఊరికే అనలేదు. "కట్టంతా కట్టు ప్రకారం జరగాల. తన ఇంటి పిల్లోడు కదా అని మునిశామి మెడ తిప్పినాడంటే గంట ఆడ్నే దిగాల. నేను కళ్ళలో వత్తులేసుకుని పక్కనే నడుస్తా."

శెట్టి అరుగు కిందికి చూశాడు. "ఏమంటావు మునిశామీ? నీకు కష్టమైతే చెప్పు."

"నడుస్తా సామీ," అన్నాడు మునిశామప్ప. "నలభై ఏండ్లలో ఎప్పుడన్నా తిరిగి చూసినానా?"

పెద్దలంతా తలలూపారు. చూడలేదు, నిజమే.

ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో ఇంట్లో ఆడమనిషికి తప్ప ఎవరికీ తెలియదు. తిమ్మక్క సంగటి ముద్ద కంచంలో వేసి ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. పిల్లలు పుట్టారు, ఇద్దరు పుట్టారు, ఇద్దరూ దక్కలేదు.

"మొకం చూడకుండా ఎట్లుంటావు?" అంది తిమ్మక్క. "గంట వద్దని చెప్పేసి జనంలో నిలబడి చూడొచ్చు కదా. లేదంటే మరుసటి రోజు కాలేజీకి పోదాము, ఇద్దరమూ."

"ఏ మొకం పెట్టుకుని పోయేది?"

"నీ మొకమే."

"అదే కదా వాని ముందర పెట్టలేనిది," అన్నాడు మునిశామప్ప. "ముందు నడిచేవానికి మొకముండదు తిమ్మీ. వాడు నన్ను చూడడు, నేను వాన్ని చూడను. నా చేత్తో వానికి మర్యాద మాత్రం జరిగిపోతాది. నాకంతే చాలు."

తిమ్మక్క ఇంకో ముద్ద కంచంలో వేసింది. ఆమెకు ఆ కథ తెలుసు.

ముప్పై ఏళ్ళు దాటిన మాట, ఆ యేడు ప్లేగు పేరేసంద్ర మీద పడింది. ఎలుకలు దూలాల మీది నుంచి రాలిపడగానే జనం ఇళ్ళు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. నంజప్ప పెండ్లాం గుడిసెలోకి మారిన నాలుగో రోజు పోయింది, నంజప్ప ఆరో రోజు పోయాడు. కబురంది మునిశామప్ప వెళ్ళేసరికి ఐదేళ్ళ పిల్లవాడు జ్వరంతో సలసల కాగిపోతూ గుడిసె బయట కూర్చుని ఉన్నాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. మునిశామప్ప వాడిని భుజానేసుకుని చిక్కబళ్ళాపురం దాకా నడిచాడు. ఊళ్ళోకి రానివ్వరు. వాడలోకి తీసుకుపోతే వాడంతా అంటుకుంటుంది. అప్పటికి ఆయన పెద్దబిడ్డకు రెండేళ్ళు. దారి లేక మిషన్ ఆసుపత్రి గేటు దగ్గర తెల్లబట్టల నర్సమ్మ చేతుల్లో పెట్టాడు.

ఆమె తీసుకుంది. పిల్లవాడు మెడ వదల్లేదు. ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. విడదీసి వెనక్కి తిరిగి నడిచాడు. వెనక నుంచి "పెదనాయనా" అని పిలిచాడు వాడు. ఒకసారి కాదు, దారి మలుపు దాకా పిలుస్తూనే ఉన్నాడు. తిరిగి చూస్తే మళ్ళీ ఎత్తుకుంటాడని మునిశామప్పకు తెలుసు. ఎత్తుకుంటే ఇంట్లో బిడ్డ చస్తుంది. చేతిలో గంట లేకపోయినా గంట ఉన్నట్టే మెడ బిగించుకుని వచ్చేశాడు. ఇంట్లో బిడ్డ మూడేళ్ళ తర్వాత అమ్మవారు పోసి చచ్చిపోయింది, అది వేరే సంగతి.

పిల్లవాడు బతికాడని విన్నాడు. రెండుసార్లు మిషన్ ప్రహరీ దాకా పోయాడు. లోపల పిల్లలంతా కలిసి ఎక్కాలు అప్పజెప్తున్నారు, అందులో వాడి గొంతు ఏదో తెలియలేదు. గేటు తీసే ఉంది. ఆయన లోపలికి పోలేదు. మూడోసారి పోయేసరికి బెంగళూరు పంపేశారన్నారు.

కొత్త ప్రిన్సిపాల్ వచ్చే రోజు పొద్దున గంగాధరప్ప గంట తెచ్చి గడప మీద పెట్టాడు. చింతపండుతో తోమించినట్టున్నాడు, ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. మునిశామప్ప కొత్త ధోవతి కట్టి, తలకు తెల్ల రుమాలు చుట్టుకుని, గంటకు మొక్కి తీసుకున్నాడు. స్టేషన్ బయట ఊరి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. రైలు ఆయన వీపు వైపు రావాలి.

అంత జనాన్ని ఆ ఊరు అదివరకు చూడలేదు. బొగ్గు బస్సుల్లో బాగేపల్లి వాళ్ళు, చింతామణి వాళ్ళు, ఎడ్లబండ్ల మీద మంచేనహళ్ళి వాళ్ళు. కాలేజీ పిల్లలు తెల్లబట్టల్లో రెండు వరుసలు. వాళ్ళకంటే ఎక్కువగా, ఎవరూ పిలవకపోయినా, చుట్టుపక్కల వాడల నుంచి వచ్చిన జనం. వాళ్ళు దారికి దూరంగా కళ్ళాల్లో, గట్ల మీద నిలబడ్డారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఒక ముసలామె మాత్రం పక్కామెను పదేపదే అడుగుతోంది, "నిజంగా మనోడేనా?" అని.

చిన్న రైలు కూతవేసింది. మునిశామప్ప గరిటె కాడను బిగించి పట్టుకున్నాడు. వెనక తలుపు తీసిన చప్పుడు, ఎవరో ఇంగ్లీషులో నాలుగు మాటలు, పూలదండల వాసన. అంతలో జనంలో ఒక్కసారిగా ఏదో కదిలింది. కేకలు కావు, చప్పట్లూ కావు. ఇన్ని వేలమంది ఒకేసారి ఊపిరి లోపలికి తీసుకుంటే అలా ఉంటుంది. ఎదురుగా గట్టు మీద ఉన్నవాళ్ళ ముఖాలు మునిశామప్పకు కనిపిస్తూనే ఉన్నాయి. వాళ్ళు తన తల మీదుగా వెనక్కి చూస్తున్నారు. ఇందాక నిజంగా మనోడేనా అని అడిగిన ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తన వెనక ఏముందో ఆ ముఖాల్లో చదువుకోవడమే ఆయన వంతు.

"నడువు," అన్నాడు గంగాధరప్ప.

గంట మోగింది. మునిశామప్ప అడుగు వేశాడు.

తెల్లదొర వచ్చిన రోజున వెనక బూట్ల చప్పుడు టకటకమని వినపడేది. ఈసారి అది లేదు. మొదట తన చెవులే పోయాయనుకున్నాడు. వందడుగులు నడిచాక, మెత్తగా పడే అడుగులు వినపడి తెలిసింది, వెనక మనిషి కాళ్ళకు ఏమీ లేవు. సీమలో చదివిన మనిషి, గౌను వేసుకుని, వట్టి కాళ్ళతో దుమ్ములో నడుస్తున్నాడు. ఎందుకో మునిశామప్పకు తెలియలేదు కానీ తన అడుగు కాస్త మెల్లగా వేశాడు.

పేట వీధిలోకి తిరిగేసరికి శెట్ల ఇళ్ళ ఆడవాళ్ళు గడపల్లో హారతి పళ్ళేలతో నిలబడి ఉన్నారు. గంట వినపడితే హారతి పట్టాలి, అది వాళ్ళ అలవాటు. ఎవరికని అడిగే అలవాటు ఎన్నడూ లేదు. మునిశామప్ప ఆ వీధిలో నలభై ఏళ్ళుగా నడిచాడు, ఆ హారతులు ఎన్నడూ తనకు పట్టినవి కావు, తన వెనక వచ్చేవాళ్ళకు పట్టినవి. ఇవాళ కూడా వెనక వచ్చేవాడికే. వెనక వచ్చేవాడు నంజప్ప కొడుకు. ఈ వీధిలో నంజప్ప చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు. ఆ తలపు రాగానే మునిశామప్పకు కాళ్ళు ఆయనవి కాకుండా పోయాయి. అవి నడిచాయి, ఆయన వాటి వెంట పోయాడు.

పక్కన అంజినప్ప చెప్పినట్టే నడుస్తున్నాడు, మునిశామప్ప మెడ మీద నుంచి చూపు తీయకుండా. ఆ మెడ కదల్లేదు. సంత మైదానం దాటింది, ఆసుపత్రి గేటు వచ్చింది. అదే గేటు, రంగు మాత్రం మారింది. అక్కడ వెనక అడుగులు ఒక్క క్షణం ఆగాయి. గంట కూడా ఆగింది. ఆగిన చోటనే మునిశామప్ప ముందుకు చూస్తూ నిలబడ్డాడు. రుమాలు కింద నుంచి చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు. కాసేపటికి అడుగులు మళ్ళీ కదిలాయి.

కాలేజీ రాతి మంటపం ముందు ఏడు మెట్లు. పైన తలుపు బార్లా తీసి ఉంది. లోపల దీపాలు, బల్లల మీద దొరలు, దొరసానులు, బెంగళూరు పెద్దలు. పిల్లలు కీర్తన మొదలుపెట్టారు, ఆ రాతి గోడల మధ్య అన్ని గొంతులు ఒక్కటే గొంతై బయటికి వస్తున్నాయి. తెల్లదొర తలుపు దగ్గర కాలేజీ తాళాలు వెండి పళ్ళెంలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. గంట ప్రయాణం మెట్ల దగ్గరికి సరి. కొత్త మనిషి గడప దాటేదాకా మోసేవాడు పక్కకు తప్పుకుని, వీపు తిప్పి నిలబడాలి. పదిహేనేళ్ళ కిందట అలాగే నిలబడ్డాడు. ఇప్పుడూ అలాగే తప్పుకున్నాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే అంతా కట్టు ప్రకారం జరిగిపోయినట్టే.

అడుగులు ఆయన పక్కదాకా వచ్చాయి. మెట్లెక్కలేదు.

"పెదనాయనా."

ఆ గొంతు మారిపోయింది. పెద్దమనిషి గొంతు, పాఠాలు చెప్పి చెప్పి బరువెక్కిన గొంతు. పిలుపు మాత్రం మారలేదు.

మునిశామప్ప కదల్లేదు. గంట గరిటెకు తగలకుండా ఎడమచేత్తో ఒడిసి పట్టుకున్నాడు. అంజినప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. కీర్తన ఆగిపోయింది. లోపలి వాళ్ళు ఏం జరిగిందోనని లేచి నిలబడ్డారు.

"నీ మొకం మర్చిపోయినా పెదనాయనా," అన్నాడు వెనక మనిషి. "చిన్నోన్ని కదా. వీపు మాత్రం మర్చిపోలే. దారి మలుపు దాకా చూస్తానే ఉంటిని. స్టేషన్‌లో దిగంగానే గుర్తుపట్టినా."

నలభై ఏళ్ళ మెడ తిరిగింది.

మొదట ఎర్ర అంచు నల్ల గౌను కనిపించింది. తర్వాత మెడ నిండా దండలు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు. తర్వాత నంజప్ప. అదే నుదురు, అదే వంకర పన్ను, నంజప్ప ఎన్నడూ చేరని వయసులో నంజప్ప. దుమ్ముకొట్టుకుపోయిన వట్టి కాళ్ళు. కళ్ళలో కోపం కోసం మునిశామప్ప వెతికాడు. చాలా వెతికాడు. లేదు.

"నన్నిడిచిపెట్టి పోతివని నేనెప్పుడూ అనుకోలేదు," అన్నాడు చెన్నరాయప్ప. "పేరేసంద్ర నుంచి ఎత్తుకొస్తివని చెప్పుకుంటా ఉంటిని."

మునిశామప్ప ఆ ముఖం మీది నుంచి చూపు తీయలేదు. అంతలో అంజినప్ప అందుకున్నాడు.

"తిరిగినాడు. అందరూ చూస్తిరి కదా. కట్టు కట్టే."

మునిశామప్ప ఎవరూ రెండోసారి చెప్పేదాకా ఆగలేదు. వంగి, గంటనూ గరిటెనూ మొదటి మెట్టు మీద మెల్లగా పెట్టాడు. తాత చేతి నుంచి తండ్రి చేతికి, తండ్రి చేతి నుంచి తన చేతికి వచ్చిన బరువు అది. పోయింది. పోతే పోనీ అనిపించింది ఆయనకు, అలా అనిపించినందుకు ఆశ్చర్యం కూడా వేసింది. ఆ ముఖం చూసినందుకు ఇది ఎక్కువ వెల కాదు.

గంగాధరప్ప శెట్టి కాసేపు మెట్టు మీది గంటను చూశాడు. తర్వాత అంజినప్ప వైపు తిరిగాడు. ఆ ముసలాయన కళ్ళలో ఏదో మెరిసింది.

"కట్టు నీకు బాగా తెలుసు కదప్పా," అన్నాడు. "ఇప్పుడీ గంట ఎవరెత్తాల?"

"అదేం ప్రశ్న? అన్నదమ్ముల ఇంటి మగోడు," అన్నాడు అంజినప్ప. "ఆడున్న తమ్ముని కొడుకు..."

అని ఆగిపోయాడు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, వెనక్కి తీసుకోవడానికి లేదు. మెట్ల చుట్టూ నిలబడ్డ పేట పెద్దలకు ఒకరి తర్వాత ఒకరికి అర్థమైంది. ఒక్కొక్కరే చెప్పులు విడిచారు. ఎందుకు విడుస్తున్నారో వాళ్ళకే తెలియదు. అంజినప్ప అందరికంటే చివర విడిచాడు, కానీ విడిచాడు.

చెన్నరాయప్ప గౌను ఒక చేత్తో పోగుచేసి పట్టుకుని వంగాడు. మెట్టు మీది గంటను రెండో చేత్తో ఎత్తాడు. ఎత్తి, గరిటె మీది గుర్తులను ఒకసారి బొటనవేలితో తడిమి చూశాడు.

"పెదనాయనా, నా వెనక రా," అన్నాడు. "ఏడు మెట్లుండాయి. చూసి ఎక్కు."

మునిశామప్ప చుట్టూ చూశాడు. శెట్టి పొమ్మన్నట్టు తల ఊపాడు. గట్ల మీది జనం ఎప్పుడు వచ్చారో, ప్రహరీ లోపలికి వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళలో తిమ్మక్క ఉంది. ఆమె ఏడుస్తోంది, ఏడుస్తూనే ఎక్కు ఎక్కు అని చెయ్యి ఊపుతోంది.

గంట మోగింది. ఇన్నేళ్ళూ తన ముంజేతిలో పుట్టి ముందుకు పోయిన ఆ మోత మొదటిసారి ఎదురుగా వచ్చి మునిశామప్ప ఛాతీకి తగిలింది. ఆయన మొదటి మెట్టు ఎక్కాడు. గంట వెనక నడవడం ఆయనకు తెలియదు. ఖాళీ అయిన కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక పైపంచె కొసను గుప్పిట్లో పట్టుకున్నాడు. గడప దగ్గర తెల్లదొర తాళాల పళ్ళెంతోనే పక్కకు జరిగి తల వంచాడు. లోపల దొరలూ దొరసానులూ పిల్లలూ నిలబడే ఉన్నారు, ఎవరూ చప్పుడు చేయడం లేదు. ఆ నిశ్శబ్దంలో నల్ల గౌను వేసుకున్న ప్రిన్సిపాల్ తన కుర్చీ దాకా గంట మోగిస్తూ నడుస్తున్నాడు, ఆయన వెనక, పదడుగుల దూరంలో, వాడ మునిశామప్ప వస్తున్నాడు.

చెన్నరాయప్ప కట్టు తప్పలేదు. కుర్చీ దాకా ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు, వెనక వట్టి కాళ్ళ అడుగులు వినపడుతూనే ఉన్నాయి.